ఎడమకు తిరిగే బండి

లక్ష్మణప్పకు జరిగిన అన్యాయాన్ని ముందే చెప్పేస్తాను. ఆయన దాన్ని నలభై ఏళ్ళు మోశాడు. నాకంత ఓపిక లేదు.

ఆయన ఊరు కర్ణాటకలో తెలుగు మాట్లాడే పక్క, మిట్టేమరికి దగ్గర్లోనే ఉంది. పేరు రాయను, ఆ ఊళ్ళోకి నన్ను మళ్ళీ రానివ్వాలి కదా. ఎనభైల్లో ఒక కరువు ఏడాది ఆ ఊరి చెరువు పూర్తిగా ఎండిపోయి, నేల పళ్ళెంలా చదునై గట్టిపడింది. పశువులకు మేత లేదు, మనుషులకు పని లేదు. బాగేపల్లి, చింతామణి వైపు మోటారు సైకిళ్ళున్న కుర్రాళ్ళంతా చేరి ఆ చెరువు నేల మీద పందెం పెట్టుకున్నారు. బహుమతి ఒక పొట్టేలు.

లక్ష్మణప్ప అప్పటికి బెంగళూరులో ఒక మెకానిక్ షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. ఆ షెడ్డు గోడ మీద విదేశీ పత్రికలోంచి చింపి అతికించిన బొమ్మ ఒకటి ఉండేదట. చదునైన మట్టి నేల మీద గుండ్రంగా తిరిగే పందెం బండి బొమ్మ. దానికి ముందు బ్రేకు లేదు, మడ్‌గార్డులు లేవు, లైటు లేదు. ఆ పందేల్లో ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు కాబట్టి ఎడమ పక్క అడ్డం లేకుండా రెండు సైలెన్సర్లూ కుడి పక్కనే బిగిస్తారు. మలుపులో ఎడమ కాలు నేలకు ఆనించి, వెనక చక్రాన్ని జార్చుకుంటూ పోతారు. లక్ష్మణప్ప తన యెజ్డీ మోటారు సైకిలును అచ్చం అట్లాగే మార్చి, ఆ ఎండిన చెరువులో ఎడమకు తిరగడం నేర్చుకున్నాడు. ఊళ్ళో పందెం కూడా ఎడమకే అని అందరూ ఒప్పుకున్నారు.

తెల్లవారితే పందెం అనగా ఊరి పెద్దకు ఒక సంగతి తట్టింది. చెరువు నేల నడుమ గంగమ్మ రాయి ఉంది. అమ్మవారిని ఎడమకు చుట్టడమేమిటి? అట్లా తిరిగేది చితి చుట్టూ మాత్రమే. కుడికే తిరగాలన్నాడు. మాట సబబే. ఆ మాట అందరికీ చెప్పి రమ్మని కొడుకు బయ్యప్పను పంపాడు. బయ్యప్ప లక్ష్మణప్పకు మేనత్త కొడుకు, తనూ పందెంలో ఉన్నవాడు. అందరికీ చెప్పాడు. లక్ష్మణప్పకు చెప్పలేదు.

పొద్దున జెండా ఊపగానే బండ్లన్నీ కుడికి మళ్ళాయి. లక్ష్మణప్ప కూడా మళ్ళాడు, ఇంకేం చేస్తాడు. మొదటి మలుపులో కుడికి వంగగానే రెండు సైలెన్సర్లూ నేలను పట్టుకుని ఆయన్ను ఎత్తి విసిరేశాయి. కుడి భుజం ఎముక విరిగింది. బయ్యప్ప పొట్టేలును గెలిచి సాయంత్రానికి కోయించాడు. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో పడుకున్న లక్ష్మణప్పకు క్యారియర్‌లో కూర పంపించాడు.

"తిన్నావా అప్పా?" అని ఒకసారి అడిగాను.

"తింటి. ఆకలైతాండె" అన్నాడు. మళ్ళీ తనే, "ఉప్పు తక్కువుండె" అన్నాడు.

చెప్పడం మర్చిపోయానని బయ్యప్ప అప్పుడన్నాడు, ఇప్పటికీ అంటాడు. ఊరు మాత్రం వేరే మాట పట్టుకుంది. లక్ష్మణప్పకు బండి తోలడం రాదు. వంకర బండి చేసుకున్నాడు, వంకరగా పడ్డాడు. నలభై ఏళ్ళుగా ఆయన సైకిలు మీద పోతున్నా, ట్రాక్టరు మీద పోతున్నా, "మెల్లగా అప్పా, మలుపుండాది" అని ఎవడో ఒకడు అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు పుట్టనివాళ్ళు కూడా.

నా సంగతీ కొంచెం చెప్పాలి. ఎక్కువ లేదు కాబట్టి త్వరగా అయిపోతుంది. చింతామణిలో మా మామ గుజిరీ అంగడిలో కూర్చుంటాను. పాత ఇనుము, సీసాలు, కాగితాలు తూకానికి కొనే చోటు. పీయూసీ దగ్గర, అంటే ఇంటర్ దగ్గర, చదువూ నేనూ విడిపోయాం, తప్పు నాదని అది ఇప్పటికీ అంటుంది. ఆ తర్వాత అంగడికి వచ్చిన కాగితాలన్నీ నేను చదివాకే బస్తాల్లోకి పోయాయి. విజ్ఞాన సర్వస్వం ఒక సంపుటం మాత్రమే వచ్చింది, ఇంగ్లీషు ఎం అక్షరానిది. కాబట్టి మంగోలియా, మలేరియా, మోటారు సైకిలు గురించి నాకు బాగా తెలుసు. తక్కిన లోకం తెలియదు. నవలలు చాలావరకు చివరి పేజీలు లేకుండా వస్తాయి. అందుకే ఏ కథకైనా ముగింపు నేనే రాసుకుంటాను, అన్నిట్లోనూ నాలాంటివాడు గెలుస్తాడు. బెంగళూరు ఉద్యోగాలన్నీ నాకన్నా తక్కువ చదివినవాళ్ళకు పోతున్నాయని నా నమ్మకం. నేను దరఖాస్తు పెట్టలేదు కాబట్టి ఆ నమ్మకం చెక్కుచెదరకుండా ఉంది.

అట్లాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం కుడి భుజం కొంచెం కిందికి వాలిన ముసలాయన వచ్చాడు.

"యెజ్డీ సైలెన్సర్లు ఉండాయా?"

"ఉండాయి."

"రెండు కావాల. రెండూ కుడి పక్కవే."

నేను పండితుడిలా నవ్వాను. "అప్పా, బండికి కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి ఉంటాయి."

"నీ బండికి" అన్నాడు.

నాకు బండి లేదు. కానీ ఆ మాట వినగానే కాగితాల గుట్టలో ఎప్పుడో దాచిన ఒక పాత అమెరికా పత్రిక గుర్తొచ్చింది. అందులో ఇట్లాంటి పందేల గురించి పెద్ద వ్యాసం ఉంది. వెతికి తెచ్చి బొమ్మ చూపించాను. ఆయన బొటనవేలితో సైలెన్సర్లు తడిమాడు, ముందు చక్రం తడిమాడు.

"ఇది నా బండి" అన్నాడు.

"అమెరికాది అప్పా."

"వాళ్ళు యాడ చూసినారో మరి."

ఆ తర్వాత బల్ల మీద కూర్చుని తన కథంతా చెప్పాడు. ఇప్పుడు తొందరెందుకో కూడా చెప్పాడు. బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళను పైపుల్లో తెచ్చి ఈ పక్క చెరువులన్నీ నింపుతున్నారు. పైపులు పక్క ఊరి దాకా వచ్చేశాయి. ఎన్నో ఏళ్ళుగా ఎండి ఉన్న ఆ చెరువు నిండితే పందెపు నేల ఇంక కనపడదు.

"నీళ్ళొచ్చే లోపల అదే బండి చేసి, అదే మలుపు ఎడమకి తిరగాల. ఆ పొద్దు తప్పు నాదా, బండిదా, బయ్యప్పదా, నాకు తెలియాల."

ఆ తాలూకాలో నీళ్ళు ఇంకొన్నాళ్ళు ఆలస్యం కావాలని కోరుకున్న రైతు ఆయనొక్కడే. ఆయన ఆ మాట పైకి అని ఉంటే ఊరు ఇంకో భుజం విరిచేది. నేను సాయం చేస్తానన్నాను. దయతో కాదు. చదివింది ఎవరికైనా చెప్పుకోవాలని ఎన్నాళ్ళుగానో తపిస్తున్నాను, ఆయన చెవులు బాగా పనిచేస్తున్నాయి.

ఫ్రేము మా అంగడిలోనే దొరికింది. దాన్ని ఆటోలో ఎక్కిస్తుంటే మా మామ చూశాడు. "ముసలాయనకి ఇనుము అమ్మరా అంటే ఇనుముతో పాటు నువ్వు కూడా పోతాండావు కదరా. నిన్ను కూడా తూకమేసి పంపనా?"

ఇంజను కోసం చిక్కబళ్ళాపురం పోయాం. అక్కడ రిటైరైన ఒక బస్సు డ్రైవరు ఇంటి వెనక ఒక యెజ్డీ పడి ఉందని తెలిసింది. ఉంది, కానీ దాని సీటు మీద కోడి పొదుగుతోంది. గుడ్లలోంచి పిల్లలు లేచేదాకా బండిని కదపనివ్వనన్నాడు. నేను అక్కడే మంగోలియా గుర్రాల సంగతి ఎత్తి ఆయన మనసు మార్చాలని చూశాను. కోడి నన్ను పొడిచింది. పిల్లలు లేచేదాకా ఆగాం. ఆగినన్నాళ్ళూ పైపులు మా వైపు వస్తూనే ఉన్నాయి.

బండి కట్టింది లక్ష్మణప్ప ఇంటి పట్టుపురుగుల షెడ్డులో. పట్టుగూళ్ళు అమ్మిన తర్వాత, మళ్ళీ పురుగు పిల్లల్ని తెచ్చే లోపల అది ఖాళీగా ఉంటుంది. ఆయన భార్య మునివెంకటమ్మకు ఇది నచ్చలేదు.

"పురుగులకి బీడీ వాసన పడదని నిన్ను బయటికి తోల్తా ఉంటి. ఇప్పుడు లోపలే పెట్రోలు తెచ్చి పెడతావా?"

"పురుగులు రాకముందే తీసేస్తా లేమ్మే."

ఆమె నా వైపు తిరిగింది. "ఏమప్పా చంద్రూ, ముందు బ్రేకు తీసేసినారంటనే?"

"ఈ పందేల్లో ఉండదమ్మా."

"మరి నిలబెట్టేదెట్ల?"

"నిలబెట్టరమ్మా. తిరుగుతానే ఉంటారు."

"ఈయప్ప ఇన్నేండ్లుగా అదే కదా చేస్తాండేది" అని లోపలికి పోయింది.

వెడల్పాటి హ్యాండిల్ కావాలి. నీళ్ళ పైపులో ఇసుక దట్టించి, రెండు కొసలా కట్టె బిరడాలు కొట్టి, మంటలో కాల్చి వంచితే పైపు నొక్కుకుపోదని నేను గంభీరంగా చెప్పాను. "తెలుసు" అన్నాడాయన. ఇసుక తడిగా ఉండకూడదన్నది మాత్రం ఇద్దరికీ ఆ క్షణంలో గుర్తులేదు. లోపలి తడి ఆవిరై బిరడా తుపాకీ గుండులా ఎగిరి, మునివెంకటమ్మ చీరలారేసిన దండెం దాటి, పట్టుపురుగులకు ఆకు పెంచే రేష్మె తోటలో పడింది. ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని ఉన్నాం. ఆమె గడపలోకి వచ్చి చూసింది. "ఇంకా బండి ఎక్కకముందే పడినారా?" అంది.

వెనక తోకలాంటి భాగాన్ని నీలం రంగు నీళ్ళ డ్రమ్ము కోసి చేశాం. అంకె రాసే గుండ్రటి పలకకు మునివెంకటమ్మ అన్నం గిన్నె మూత పనికొచ్చింది. ఆమెకు చెప్పలేదు. ఆమె రెండ్రోజులు మూత వెతికి, మూడోనాడు బండి ముందు నిలబడి, "దీన్ని తోమి ఇస్తావా, అట్లే ఇస్తావా?" అని మొగుణ్ణి అడిగింది.

ఇనుప చెప్పు పని నాది. మలుపులో నేలకు ఆనే ఎడమ కాలికి బూటు కింద ఇనుప అడుగు కట్టుకోవాలి. మా అంగడిలో ట్రాక్టరు సేద్యానికి వాడి అరిగిపోయిన డిస్కు ఉంది. పుట్టుకతోనే కొంచెం వంపు ఉన్న ఇనుము. పత్రికలో బొమ్మ చూసి గీత గీసి, బాగేపల్లిలో కోయించి, బూటు కింద కట్టుకునేలా పట్టీలు వెల్డింగు పెట్టించి తెచ్చాను. నా జీవితంలో చేతులతో చేసిన మొదటి వస్తువది. లక్ష్మణప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి, కుడికాలికి తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది.

బొమ్మలో బండి నాకెదురుగా వస్తోంది. ఎదురుగా వచ్చేవాడి ఎడమ నాకు కుడి పక్క కనపడుతుందని చిన్నపిల్లలకు తెలుసు. ఆ సంగతి బహుశా వేరే సంపుటంలో ఉంటుంది.

"బయ్యప్పకి పనికొస్తాది లే. వాడు కుడికి కదా తిరిగేది" అని లక్ష్మణప్ప దాన్ని గూట్లో పెట్టాడు. నేను రెండో చెప్పు చేయించడానికి బాగేపల్లి పోయేసరికి వెల్డింగు అంగడిలో ఉన్నవాళ్ళంతా నా రెండు కాళ్ళనూ మార్చి మార్చి చూశారు.

సైలెన్సర్ల దగ్గర ఒకటే గొడవ వచ్చింది. పత్రికలో అవి పైకెత్తి ఉన్నాయి. మనవి కిందికి ఉన్నాయి, నేలకు తగలొచ్చు, పైకెత్తుదామన్నాను.

"అప్పుడు యాడుండెనో ఆడే ఉండాల" అన్నాడు. "మారిస్తే అది వేరే బండి. వేరే బండి మీద తిరిగితే నాకేం తెలుస్తాది?"

"మళ్ళీ తగిలితే?"

"కుడికి వంగితే కదప్పా తగిలేది. నేను పోయేది ఎడమకి."

బండి మొదటిసారి స్టార్టయ్యేసరికి పురుగు పిల్లలు షెడ్డులోకి వచ్చేశాయి, బండి వసారాలోకి మారింది. యెజ్డీ పొగ గురించి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మునివెంకటమ్మ తడి గోనెసంచులు షెడ్డు తలుపుకు అడ్డం పట్టుకుని నిలబడి, ఇద్దర్నీ పేరుపేరునా తిడుతోంది. ఆ మోతలో ఏమీ వినపడలేదు. లక్ష్మణప్ప బండి మీద కూర్చుని పొగలో నవ్వుతున్నాడు. ఆయన పళ్ళు అంతకు ముందు నేను చూడలేదు.

అప్పుడే నీళ్ళ కబురు వచ్చింది. శుక్రవారం పెద్దలు వచ్చి నీళ్ళు వదులుతారు. షామియానాలు వేస్తున్నారు. నీళ్ళు వచ్చే ముందు గంగమ్మ రాయిని పూజ చేసి చెరువు కట్ట మీదికి తేవాలి, అది ఊరి పద్ధతి. తండ్రి తర్వాత ఆ పెత్తనం బయ్యప్పది. ఆయన కూడా శుక్రవారం పొద్దుటికే ముహూర్తం పెట్టాడు. అంటే అమ్మవారు లేచిన వెంటనే నీళ్ళు. అమ్మవారు ఉన్నంతసేపూ ఎడమకు తిరగకూడదు, అమ్మవారు లేచాక తిరగడానికి నేల ఉండదు.

తెల్లారకముందే ఎవరికీ తెలియకుండా తిరిగేద్దామన్నాను.

"అమ్మవారు నిద్రపోతాదా?" అన్నాడు. ఆయనకు ఆ రాయి అంటే నిజంగానే భయభక్తులు. చుట్టూ ఎడమకు తిరగకూడదన్న మాటతో ఆయనకు ఎప్పుడూ తగాదా లేదు. ఆ మాట తనకు చెప్పకపోవడంతోనే తగాదా.

రాయిని వదిలేసి చెరువులో ఇంకో పక్క తిరుగుదామన్నాను.

"ఆ పక్కంతా మట్టి తవ్వి తోలుకోని పోయినారు. ఆడ తిరగాలంటే బండి కాదు, కప్ప కావాల."

నా ఆలోచనలు అంతటితో అయిపోయాయి. మునివెంకటమ్మను కూడా తీసుకుని ముగ్గురం బయ్యప్ప ఇంటికి పోయాం.

బయ్యప్ప భారీ మనిషి. వసారాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు.

"ఏమి బామ్మర్దీ, బండి చేస్తాండావంట. మోత మా ఇంటికి వినిపిస్తాండాది."

"చేస్తాండా బావా."

"ఎడమకేనా?"

"ఎడమకే. అమ్మవారిని గురువారమే లేపుతావేమో అని అడిగిపోదామని వచ్చినా."

"బలే ఉండాదే. నీ బండి కోసం అమ్మవారు ఒక దినం ముందే ఇల్లు ఖాళీ చేయాలనా?"

ఇక్కడ నేను కల్పించుకున్నాను. ప్రపంచంలో ఈ క్రీడ చరిత్ర ఎంత గొప్పదో పుస్తకాల తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. బయ్యప్ప ఓపిగ్గా విని, లక్ష్మణప్పను అడిగాడు. "ఈ పిల్లోడెవరు?"

"గుజిరీ అంగడి చంద్రు."

"ఓ, పాతవి కొనేటోడా? నా మోకాళ్ళు కొంటావా నాయనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ ఇంట్లో చేయదగిన పని అదొక్కటే మిగిలింది.

మునివెంకటమ్మ మాత్రం నవ్వలేదు. "అన్నా" అంది. "అప్పుడు ఒక మాట చెప్పాల్సి ఉంటే మర్చిపోతివి. మర్చిపోతినంటివి, సరే అంటిమి. ఇప్పుడు అమ్మవారిని ఎప్పుడు లేపుతావని మేమే వచ్చి అడగతాండాము. ఇదన్నా మర్చిపోకుండా చెప్పు."

బయ్యప్ప చేతిలో నూనె గిన్నె అట్లాగే ఉండిపోయింది. "నిజంగానే మర్చిపోతినమ్మా" అన్నాడు.

"నేనేమన్నా కాదంటినా?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. తర్వాత గోడ మీది క్యాలెండరు తెప్పించి, చూడకుండానే, "గురువారం కూడా బాగుండాది" అన్నాడు. మేము లేస్తుంటే వెనక నుంచి అన్నాడు. "నేను కూడా వచ్చి చూస్తా. ఆ మలుపుకి ఎదురుగా కట్ట మీద కూర్చుంటా."

ఇంటి దగ్గరికొచ్చాక లక్ష్మణప్ప, "వాడు చూస్తానన్యాడు" అన్నాడు. చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంటూ మళ్ళీ అన్నాడు. "ఆ మలుపే చూస్తానన్యాడు." తప్పు ఎవరిదో తనకు తెలియాలన్నాడు గానీ, ఆయనకు కావలసింది అంతకన్నా ఎక్కువని అప్పుడర్థమైంది. బయ్యప్ప చూడాలి.

గురువారం తమటెలు మోగిస్తూ అమ్మవారిని లేపారు. పసుపు గుడ్డలో చుట్టి కట్ట మీది అరుగు మీద పెట్టి దీపం వెలిగించారు. రాయి లేచిన గుంతలో బయ్యప్ప గుప్పెడు పసుపు వేసి, మట్టి కప్పి, "ఇంక ఇది ఉత్త నేల" అన్నాడు. పూజకు వచ్చిన ఊరంతా ఇళ్ళకు పోకుండా కట్ట మీదే కూర్చుంది. లక్ష్మణప్ప ఎట్లా పడతాడో చూడాలని వాళ్ళ ఆశ. నేనైతే చరిత్రను రికార్డు చేయడానికి ఫోను పట్టుకుని నిలబడ్డాను.

లక్ష్మణప్ప హెల్మెట్టు పెట్టుకుని, ఎడమ కాలి ఇనుప చెప్పు టంగుటంగుమంటూ కట్ట దిగాడు.

"మెల్లగా అప్పా, మలుపుండాది!" ఎవడో అరిచాడు.

"దాని కోసమే పోతాండా" అన్నాడు.

మొదటి చుట్టు ఎద్దులబండిలా తిరిగాడు. కట్ట మీద నవ్వులు. రెండో చుట్టుకి గేరు మార్చాడు, నవ్వులు తగ్గాయి. మూడోసారి ఆ మలుపుకు వచ్చేటప్పుడు మోత మారింది. బండి ఎడమకు వాలింది. ఎడమ కాలు ముందుకు చాచి నేలకు ఆనించాడు, ఇనుప చెప్పు గట్టి మట్టి మీద గీరుతూ పోయింది. వెనక చక్రం బయటికి జారింది, ఎర్రదుమ్ము గోడలా లేచింది. కుడి పక్కన ఆ రెండు సైలెన్సర్లు, అప్పుడు నేలను పట్టుకున్నవాటి చోటే బిగించినవి, ఇప్పుడు గాల్లో ఉన్నాయి. దేనికీ తగల్లేదు. జారుతూ జారుతూనే బండి మలుపంతా తిరిగి, నిటారుగా లేచి, తిన్నటి దారిలోకి వచ్చింది. నేను చదివిన వ్యాసంలో దీనికి పేజీ పట్టింది. చూడటానికి రెప్పపాటు.

తిన్నటి దారిలో లక్ష్మణప్ప తల తిప్పి కట్ట మీద బయ్యప్ప కూర్చున్న చోటు చూశాడు.

బయ్యప్ప అటు తిరిగి లేడు. గాలికి అమ్మవారి దీపం ఆరిపోయింది. ఆయన వంగి, అగ్గిపుల్ల చుట్టూ చేతులు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగిస్తున్నాడు. లక్ష్మణప్ప ఆయన తిరుగుతాడేమో అని చూస్తూనే పోయాడు. ముందు చక్రం దారి తప్పి, అంచున పైపు కోసం తవ్వి పూడ్చిన మెత్తమట్టిలో దిగబడింది. ముందు బ్రేకు ఉన్నా లేకపోయినా ఒకటే. బండి ఒక పక్క, ఆయన ఒక పక్క పడ్డారు. ఆయన ఎడమ పక్కకు పడ్డాడు.

ఊరు ఒక్కసారి కేకేసింది. బయ్యప్ప అప్పుడు తిరిగి చూశాడు.

నా ఫోన్లో వెతికితే రెండు వీడియోలు ఉన్నాయి. మొదటిదాంట్లో నా చెప్పులు కనపడతాయి, వెనక బండి మోత వినపడుతుంది. ఆన్ చేశాననుకున్నప్పుడల్లా ఆపానన్నమాట. రెండోది సరిగ్గా పడ్డమప్పుడు మొదలవుతుంది, చాలా స్పష్టంగా ఉంది. ఆసుపత్రికి పోయే దారిలో కంగారులో దాన్ని మా మామకు పంపాను. ఆయన ఇంకొకరికి. పొద్దు గూకే లోపల బాగేపల్లి, చింతామణి రెండూ చూసేశాయి. ఎవరో పాట కూడా కలిపారు. నలభై ఏళ్ళ కిందట ఊరికి మాత్రమే తెలిసినదాన్ని నేను రెండు తాలూకాలకు చేర్చాను. చదువుకున్నవాళ్ళ వల్ల ఇట్లాంటి ఉపయోగాలుంటాయి.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఎడమ భుజం ఎముక విరిగిందని ఎక్స్‌రే చూపించారు. "ఇప్పుడు రెండు పక్కలా సమం" అన్నాడు లక్ష్మణప్ప. మునివెంకటమ్మ ఆ మాటకు నవ్వి, వెంటనే కొంగుతో ముఖం తుడుచుకుంది.

మరునాడు, ఊళ్ళో నీళ్ళు వదిలే సంబరం జరుగుతుండగా, బయ్యప్ప ఆ మోకాళ్ళతో మెట్లెక్కి వార్డుకు వచ్చాడు. చేతిలో క్యారియర్ ఉంది. ఈసారి ఎవరి చేతా పంపలేదు.

"చూసినావా బావా?" అడిగాడు లక్ష్మణప్ప.

"చూసినా" అన్నాడు బయ్యప్ప వెంటనే. "ఆ మలుపు బలే తిరిగితివి. అప్పుడు ఎడమకే పోయింటే పొట్టేలు నీదే."

లక్ష్మణప్ప క్యారియర్ వైపు చెయ్యి చూపించాడు. "మూత తియ్యి" అన్నాడు. బయ్యప్ప అన్నం కలిపి, ముద్దలు చేసి, ఆయన కుడిచేతిలో పెట్టాడు. నేను బయటికి వచ్చేశాను. నాకెవరూ తినమని చెప్పలేదు కూడా.

ఆయన్ను ఆఖరుసారి చూసింది పోయిన నెల. చెరువు నిండి ఉంది, కొంగలు దిగుతున్నాయి. మలుపు ఎక్కడో నీళ్ళ కింద ఉంది. బండి వసారాలోనే ఉంది, మూత మాత్రం మళ్ళీ వంటింటికి పోయింది. హ్యాండిల్‌కు రేష్మె ఆకు సంచులు వేలాడుతున్నాయి. ఇద్దరం కట్ట మీద అమ్మవారి అరుగు పక్కన కూర్చున్నాం. దారిన పోతూ ఒకడు ఫోను ఎత్తి చూపించి నవ్వాడు. లక్ష్మణప్ప కూడా చెయ్యి ఊపాడు.

వీడియోలో పట్టకుండా పోగొట్టిన పాపానికి ఆ మలుపు సంగతి రాస్తానన్నాను. పడటం అందరూ చూశారు, తిరగడం ఎవరికీ దొరకలేదు, ఒక్కచోటైనా ఉండాలి కదా అన్నాను.

"ఎవరు చదువుతారప్పా?"

"గుజిరీకొస్తే నేను చదువుతా."

ఆయన నవ్వాడు. నేను బస్సుకు లేచాక అన్నాడు.

"బయ్యప్ప చూడలేదు చంద్రూ. చూసినా అంటాండాడు గానీ చూడలేదు. దీపం ఎలిగిస్తాండె. నేను వాణ్ణే చూస్తా ఉంటి కదా, అందుకే కదా పడింది. పోనీ లే. ఈ తూరి కూరలో ఉప్పు సరిపోయింది."